అద్దె చుక్కలతో మన గుంపుల జాబితా కట్టొద్దు



ఈసారి నేను రాసేది పోడు గురించి కాదు, జీవో గురించి కాదు. ఒక ఎక్సెల్ షీటు గురించి. ఇంత చిన్న విషయమా అని దాటేయకండి. మీ మండలాల్లో కూడా యువత ఇప్పుడు అదే పని చేస్తున్నారని నాకు తెలుసు. మేం చేసిన తప్పే మీరూ చేస్తుండొచ్చు. అందుకే రాస్తున్నా.

పోయిన వానాకాలంలో మా మూడు మండలాల యువత కలిసి ఒక జాబితా కట్టాం. వాగు పొంగితే 108 బండి రాలేని గుంపులు ఏవి? డోలీ కట్టి మనుషుల్ని మోసుకురావాల్సినవి ఏవి? చేతిపంపు లేనివి ఏవి? గుంపు పెద్దల్ని, ఆశా అక్కల్ని, బడి సార్లను అడిగి నోటుబుక్కులో రాసుకున్నాం. 140కి పైగా పేర్లు వచ్చాయి. ఆ పేర్లన్నీ మావే, మా కష్టమే.

పేర్లు ఒక్కటే ఉంటే చాలదనుకున్నాం. ఆఫీసులో కాగితం ఇస్తే ఫైల్లోకి పోతుంది. అదే మ్యాపు మీద ఎర్ర చుక్కలు పెట్టి చూపిస్తే, ఎంత పెద్ద ఆఫీసరైనా ఒక నిమిషం ఆగి చూస్తాడు. మరి చుక్కలు ఎట్లా వస్తాయి? హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ పని చేసే మా అన్న ఒకాయన ముందుకొచ్చాడు. రాత్రికి రాత్రి చిన్న ప్రోగ్రాం రాసి, పేర్లన్నీ ఒక పెద్ద మ్యాపు కంపెనీ సర్వీసుకు పంపాడు. తెల్లారేసరికి ప్రతి పేరు పక్కన రెండు అంకెలు వచ్చి కూర్చున్నాయి. అక్షాంశం, రేఖాంశం. దీన్నే జియోకోడింగ్ అంటారు. పేరు ఇస్తే, భూమ్మీద అది ఎక్కడుందో అంకెల్లో చెప్పే పని.

మేం ఎంత సంబరపడ్డామో చెప్పలేను. మ్యాపు ప్రింటు తీశాం. ఫోన్లలో పంచుకున్నాం. జాబితా ఒక కాపీ మా ఏఎన్ఎం అక్కకు కూడా ఇచ్చాం.

నెలన్నర గడిచాక రెండు సంగతులు ఒకేసారి బయటపడ్డాయి.

మొదటిది, ఏఎన్ఎం అక్క ఫోను చేసింది. "తమ్ముడూ, మీ చుక్క పట్టుకుని పోతే వాగు అవతల ఇంకో గుంపు వచ్చింది. పేరు అదే, మనుషులు వేరే. పొద్దంతా పోయింది" అంది. కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది అనిపించింది.

రెండోది, ఇంజినీరింగ్ చదువుతున్న ఒక చెల్లెలు మీటింగులో అడిగింది: "అన్నా, ఈ అంకెలు మనం దాచుకోవచ్చా? ఆ కంపెనీ నియమాలు ఎవరైనా చదివారా?" ఎవరూ చదవలేదు. ప్రోగ్రాం రాసిన అన్న కూడా చదవలేదు. అందరిలాగే కింద "ఒప్పుకుంటున్నాను" అన్న గడిలో టిక్కు పెట్టాడు.

ఆ రాత్రి కూర్చుని చదివాం. మేం చదివింది ఒక్క కంపెనీదే కాదు. ఇట్లాంటి సర్వీసులు ఇచ్చే నలుగురైదుగురివి చదివాం. ఏముందో మీకు సూటిగా చెప్తాను, ఎందుకంటే ఇది లాయర్లకు వదిలేసే విషయం కాదు.

గూగుల్ మ్యాప్స్ సంగతి చూడండి. దాని నుంచి వచ్చిన సమాచారాన్ని దాచిపెట్టుకోవద్దు అన్నది అక్కడ సాధారణ నియమం. జియోకోడింగుకు ఒక చిన్న మినహాయింపు ఉంది. వచ్చిన అక్షాంశ, రేఖాంశాలను వరుసగా 30 రోజుల వరకు తాత్కాలికంగా ఉంచుకోవచ్చు. ఆ తర్వాత చెరిపేయాలి. ఎప్పటికీ దాచుకోదగ్గది ఒక్కటే, ప్లేస్ ఐడీ అనే ఒక గుర్తు. అది అంకెలు, అక్షరాలు కలిసిన పొడుగాటి తీగలాంటిది. చూస్తే ఊరు ఎక్కడుందో మీకు తెలియదు. ఆ గుర్తును మళ్లీ వాళ్లకే పంపి అడిగితే వాళ్లు చెప్తారు. అంటే మీ దగ్గర ఉండేది తాళంచెవి, ఇల్లు మాత్రం వాళ్ల దగ్గరే.

ఇంకోటి. వాళ్ల ఫలితాలను వేరేవాళ్ల మ్యాపు మీద చూపించకూడదు. ఇంకా లోపలికి పోతే, వాళ్ల సమాచారంతో ఏమేం తయారు చేయకూడదో ఉదాహరణలు రాశారు. ఉపగ్రహ చిత్రం మీద గీతలు గీసి రోడ్లు, ఇళ్ల హద్దులు ఎత్తుకోకూడదు. వాళ్ల ప్లేసెస్ సర్వీసు ఇచ్చిన అంకెలను తీసుకుని ఫలానా చోటు ఏ హద్దు లోపల పడుతుందో లెక్క తీయకూడదు. వీధి చిత్రాలు చూసి నగరంలో చెట్లు ఎక్కడెక్కడున్నాయో జాబితా కట్టకూడదు. చెట్ల జాబితా మాట చదివినప్పుడు మా వాళ్లు నవ్వారు. నవ్వు ఆగాక ఎవరూ మాట్లాడలేదు.

మ్యాప్‌బాక్స్ అని ఇంకో కంపెనీ ఉంది. వాళ్లు అడిగేటప్పుడే తేల్చుకోమంటారు. ఫలితం తాత్కాలికంగా కావాలా, శాశ్వతంగా దాచుకోవడానికి కావాలా? శాశ్వతం కావాలంటే ముందే ఆ మాట చెప్పి అడగాలి, దాని లెక్క వేరే. తాత్కాలికం అని తీసుకుని తర్వాత దాచుకుంటే కుదరదు.

ఇప్పుడు దీనికి పూర్తిగా ఎదురుగా ఉన్నది చూడండి. ఓపెన్ స్ట్రీట్ మ్యాప్. 2004లో ఇంగ్లాండులో మొదలైంది. ప్రపంచమంతా మామూలు మనుషులు తలా కొంచెం గీసి కడుతున్న మ్యాపు. దాని మీద పేర్లు వెతికే సర్వీసు పేరు నామినాటిమ్. దాని ఉచిత సర్వరుకూ నియమాలు ఉన్నాయి. సెకనుకు ఒక్క ప్రశ్న మించి పంపకూడదు. మీరెవరో చెప్పుకోవాలి. మ్యాపు ఎవరిదో కింద రాయాలి. కానీ దాచుకోవడం గురించి ఏమంటుందో తెలుసా? ఎక్కువ పేర్లు అడిగేవాళ్లు ఫలితాలను మీ దగ్గరే దాచుకోవాలి, అడిగిందే మళ్లీ మళ్లీ అడిగితే మిమ్మల్ని ఆపేస్తాం అంటుంది. ఒకరు 30 రోజుల్లో చెరిపేయమంటారు, ఇంకొకరు దాచుకోకపోతే ఊరుకోమంటారు. ఒకరిది సరుకు, అద్దెకు ఇస్తారు. ఇంకొకరిది ఉమ్మడి ఆస్తి, ఒకే బావిలో అందరూ తోడుకోవాలి కాబట్టి బిందె నింపుకుని పొమ్మంటారు.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. నేను కంపెనీలను తిట్టడానికి రాయడం లేదు. వాళ్లు దొంగచాటుగా ఏమీ చేయలేదు. నియమం రాసి పెట్టారు, మేం చదవలేదు. అద్దె సైకిలు తెచ్చుకుని దానికి మన రంగు వేసుకుంటే తప్పు సైకిలు షాపువాడిది కాదు కదా.

మా మీటింగులో రెండు ప్రశ్నలు వచ్చాయి. మీకూ వస్తాయి. అవి కూడా మాట్లాడుకుందాం.

మొదటి ప్రశ్న: "మన ఊరు ఎక్కడుందో చెప్పే అంకె కంపెనీ ఆస్తి ఎట్లా అవుతుంది? ఊరు మా తాతలు కట్టింది కదా?" మంచి ప్రశ్న. ఊరు ఫలానా చోట ఉంది అన్నది ఒక నిజం. నిజం మీద కాపీరైటు ఉండదు. మన సుప్రీంకోర్టు 2007లో ఈస్టర్న్ బుక్ కంపెనీ కేసులో కూడా, ఉన్నదాన్ని ఉన్నట్టు ఎత్తి రాస్తే కాపీరైటు రాదని, అందులో సొంత నైపుణ్యం, వివేచన ఉండాలని చెప్పింది. కానీ ఇక్కడ విషయం కాపీరైటు ఒక్కటే కాదు, ఒప్పందం కూడా. మీరు వాళ్ల తాళంచెవి తీసుకునేటప్పుడు ఒక మాట ఇచ్చారు. ఆ చోటు మీ కాళ్లతో నడిచి తెలుసుకుంటే ఆ అంకె మీద ఎవరి షరతూ లేదు. వాళ్ల దగ్గర అడిగి తెలుసుకుంటే వాళ్ల షరతు దానితోపాటే వస్తుంది. అంకె ఒకటే కావచ్చు, అది వచ్చిన దారి వేరే.

రెండో ప్రశ్న: "ఎవడు చూస్తాడు? అడవిలో ఉన్న మనల్ని అమెరికా కంపెనీ పట్టుకుంటుందా?" చాలామంది మనసులో ఉన్నది ఇదే. నిజమే, బహుశా ఎవరూ రారు. కానీ మనం ఎవరం? 1/70 చట్టం అమలు చేయండి, పెసా అమలు చేయండి, 2006 అటవీ హక్కుల చట్టం అక్షరం అక్షరం అమలు చేయండి అని రోడ్డు మీద కూర్చునేవాళ్లం. రాసిన నియమాన్ని చదవకుండా సంతకం పెట్టి, తర్వాత ఎవడు చూస్తాడులే అనడం మన నోటికి రాకూడదు. మనల్ని మోసం చేసినవాళ్లు మన తాతల చేత వేలిముద్రలు వేయించుకుని అన్నమాట కూడా అదే.

నీతి మాట పక్కన పెట్టి పని మాటే చూసినా, అద్దె అంకెల మీద కట్టిన జాబితా నిలబడదు. మూడు కారణాలున్నాయి.

ఒకటి, దాన్ని ఎవరికీ ధైర్యంగా ఇవ్వలేం. ఆఫీసులో ఇస్తే "ఈ లొకేషన్లు ఎక్కడివి?" అని ఎవరో ఒకరు అడుగుతారు. జవాబు చెప్పలేకపోతే మొత్తం జాబితా మీదే అనుమానం వస్తుంది, మనం నడిచి రాసుకున్న పేర్ల మీద కూడా. ఓపెన్ స్ట్రీట్ మ్యాపులో పెడదామంటే అసలు కుదరదు. వేరే మ్యాపుల నుంచి తెచ్చినవి అక్కడ వేయకూడదు, వేస్తే తీసేస్తారు.

రెండు, అవి సరైనవే అన్న గ్యారంటీ లేదు. ఇది అన్నిటికంటే ముఖ్యం. నగరంలో ఇంటి నెంబరు, వీధి పేరు ఇస్తే జియోకోడింగ్ గుమ్మం దాకా తీసుకుపోతుంది. మన గుంపు పేరు ఇస్తే దానికి దొరకదు. దొరకలేదు అని ఊరుకోకుండా దగ్గరలో ఉన్న పెద్ద ఊరినో, మండల కేంద్రాన్నో ఇచ్చేస్తుంది. పేరు సగం కలిస్తే వేరే జిల్లాలో ఉన్న అదే పేరు ఊరిని ఇస్తుంది. ఇది సుమారు స్థానం మాత్రమే అనో, పేరు పూర్తిగా కలవలేదు అనో చాలా సర్వీసులు జవాబులోనే ఒక గుర్తు పెడతాయి. మేం ఆ గుర్తు చూడలేదు. రెండు అంకెలు చూసుకుని మురిసిపోయాం. తర్వాత పరీక్షగా చూస్తే చాలా గుంపులు ఒకే చుక్క మీద, ఒకదాని నెత్తిన ఒకటి కూర్చుని ఉన్నాయి. అది మండల కేంద్రం చుక్క. ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి అడవిలో ఉంటున్న గుత్తికోయల గుంపులైతే రెవెన్యూ జాబితాల్లోనే సరిగా ఉండవు, మ్యాపు కంపెనీకి ఎట్లా తెలుస్తాయి?

దశాంశం తర్వాత ఏడు అంకెలు ఉన్నాయి కాబట్టి కచ్చితమేనని నమ్మకండి. దశాంశం తర్వాత నాలుగో అంకె సుమారు 11 మీటర్ల తేడాను చెప్తుంది, ఐదో అంకె సుమారు ఒక మీటరును. ఏడు అంకెలు రాసినంత మాత్రాన పది కిలోమీటర్ల తప్పు ఒప్పు అయిపోదు. తప్పునే చాలా కచ్చితంగా చెప్పినట్టు అవుతుంది, అంతే. మా ఏఎన్ఎం అక్క పొద్దంతా నడిచింది ఆ కచ్చితమైన తప్పు పట్టుకునే.

మూడు, మన కష్టం మనకే అద్దెకు వస్తుంది. మీలో చాలామంది ఫోన్లో "ఇక్కడ ఊరు లేదు, చేర్చండి" అని కంపెనీ మ్యాపుల్లో మన గుంపుల పేర్లు చేరుస్తున్నారు. మంచి మనసుతోనే చేస్తున్నారు, దారి తెలియనివాళ్లకు అది పనికొస్తుంది కూడా. చేర్చకండి అనను. కానీ ఒకసారి చేర్చాక అది వాళ్ల మ్యాపులో భాగం. రేపు మీ సంఘం అదే ఊరిని వాళ్ల సర్వీసు ద్వారా అడిగితే, మీరు చేర్చిన చుక్కే మీకు 30 రోజుల షరతుతో వస్తుంది. మీ నోటుబుక్కులో రాసుకున్న కాపీ మాత్రం మీదే. కాబట్టి ముందు మీ నోటుబుక్కు, తర్వాతే వాళ్ల మ్యాపు.

మరి మేం ఏం చేశాం?

షీటులో ఆ రెండు నిలువు వరుసలూ చెరిపేశాం. నిజం చెప్తున్నా, బాధేసింది. కొందరు తమ్ముళ్లకు కోపం కూడా వచ్చింది. "నీ నీతి వల్ల ఆరు నెలలు వెనక్కి పోయాం" అన్నాడు ఒకడు. వాడి కోపంలో న్యాయం ఉంది. జాబితా కట్టిందే వానాకాలంలో జనం చావకుండా చూడటానికి. ఆలస్యం అంటే మాకు కాగితం మీద తేదీ కాదు, వాగు అవతల ఒక మనిషి. అందుకే చెరిపిన మర్నాడే పనిలో పడ్డాం. వానకు ముందుగా తెగిపోయే గుంపుల పేర్లు మొదటి వరుసలో పెట్టి, ఫోను పట్టుకుని నడవడం మొదలుపెట్టాం.

ఫోనులో జీపీఎస్ పని చేయడానికి సిగ్నలు అక్కర్లేదు, డేటా అక్కర్లేదు. ఉపగ్రహాలు కనబడేంత ఆకాశం ఉంటే చాలు. చెట్ల కింద నిలబడితే చుక్క అటూ ఇటూ ఊగుతుంది కాబట్టి గుంపులో తెరపి చోటు చూసుకుని, బడి ముందో చేతిపంపు దగ్గరో రెండు నిమిషాలు ఆగి తీసుకోవాలి. కోబో కలెక్ట్, ఓడీకే కలెక్ట్ లాంటి యాప్‌లు నెట్ లేకుండానే ఫారం నింపనిస్తాయి, సిగ్నలు వచ్చినచోట పంపుకోవచ్చు. ఖర్చు పెట్రోలు, టిఫిను.

అన్ని గుంపులూ ఇంకా పూర్తి కాలేదు. సగం కూడా కాలేదు. కానీ నడిచిన ప్రతిచోటా చుక్క కంటే పెద్దది ఏదో దొరికింది. ఒక గుంపులో అవ్వ ఒకామె మా జాబితాలో పేరు చదివించుకుని "ఇది మా ఊరి పేరు కాదు బిడ్డా, ఇది ఆఫీసోళ్లు పెట్టింది" అంది. వాళ్లు పిలుచుకునే పేరు ఆ గుంపు కట్టిన పెద్దాయనది. 140 పేర్లు మావే అని పైన గొప్పగా రాశాను కదా, అది కూడా పూర్తిగా నిజం కాదన్నమాట. ఇప్పుడు షీటులో పేరుకు రెండు గడులు పెట్టాం. కాగితాల్లో పేరు ఒకటి, గుంపు వాళ్లు పిలిచే పేరు ఒకటి. ఈ రెండో పేరు ప్రపంచంలో ఏ సర్వీసును అడిగినా రాదు.

మీరు ఈ పని మొదలుపెడుతుంటే నా మాటగా ఇవి గుర్తుపెట్టుకోండి.

1. ప్రతి చుక్క పక్కన "ఎక్కడి నుంచి వచ్చింది" అన్న గడి పెట్టండి. ఎవరు, ఏ రోజు, ఎట్లా తీసుకున్నారో రాయండి. ఈ ఒక్క గడి ఉంటే రేపు ఎవరడిగినా జవాబుంటుంది.

2. నడవడానికి ముందు తెరిచి ఉన్న ప్రభుత్వ సమాచారం చూడండి. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన కింద సేకరించిన ఆవాసాలు, రోడ్లు, సౌకర్యాల మ్యాపు సమాచారాన్ని కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ 2022లో అందరికీ తెరిచింది. అందులో తప్పులుంటే పట్టుకోండి. తప్పు పట్టుకోవడం కూడా పనే.

3. ఏ సర్వీసు వాడినా దాచుకోవచ్చా, ఎన్నాళ్లు, ఏ మ్యాపు మీద చూపించొచ్చు అన్న మూడు ప్రశ్నలకు జవాబు రాసుకున్నాకే తాళంచెవి తీసుకోండి. నియమాలు మారుతుంటాయి కాబట్టి, చదివిన తేదీ కూడా రాయండి. దారి వెతుక్కోవడానికి అద్దె మ్యాపు వాడుకోండి, తప్పు లేదు. రికార్డు మాత్రం దాని మీద కట్టకండి.

4. తపాలా శాఖ 2025లో తెచ్చిన డిజిపిన్ గురించి తెలుసుకోండి. దేశాన్ని సుమారు 4 మీటర్ల గడులుగా కోసి ప్రతి గడికి 10 అక్షరాల గుర్తు ఇచ్చారు. మీ అక్షాంశ, రేఖాంశాల నుంచి నెట్ లేకుండానే లెక్క కట్టుకోవచ్చు. ఇంటి నెంబరు లేని గుంపుకు ఫోనులో చెప్పుకోదగ్గ చిరునామా అది. కానీ అది కూడా మీరు ముందు సరైన చుక్క తీసుకుంటేనే సరైన గుర్తు ఇస్తుంది.

5. అన్నీ మ్యాపులో పెట్టకండి. బడి, పంపు, బండి ఆగే చోటు అందరికీ తెలియాలి. వేల్పుల చోటు, పూర్వీకుల సమాధులు, మందు మొక్కలు దొరికే చోటు అందరికీ తెలియక్కర్లేదు. ఒకసారి బయటపెడితే వెనక్కి రాదు. ఏది తెరవాలి, ఏది దాచాలి అన్నది ల్యాప్‌టాప్ ముందున్న మనం తేల్చేది కాదు, గ్రామసభ కూర్చుని తేల్చాలి. ప్రపంచంలో ఆదివాసీ సంఘాలు ఇదే మాట అడుగుతున్నాయి. 2019లో వచ్చిన కేర్ సూత్రాల్లో ఒకటి, మన గురించిన సమాచారం మీద అధికారం మనకే ఉండాలన్నది.

చివరగా ఒక మాట. అటవీ హక్కుల చట్టం నియమాలను 2012లో సవరించినప్పుడు అందులో ఒక మాట చేర్చారు. ఉపగ్రహ చిత్రాలు, టెక్నాలజీ మిగతా సాక్ష్యాలకు తోడుగా ఉండొచ్చు కానీ వాటి స్థానంలోకి రాకూడదని. ఆకాశం నుంచి తీసిన ఫోటోలో మా పోడు కనబడలేదని పట్టా ఆపినప్పుడు మనం ఈ నియమమే చూపించి కొట్లాడాం. ఆఫీసరు మిషన్ను నమ్మి మనిషిని నమ్మకపోతే తప్పన్న మనమే, రాత్రికి రాత్రి మిషన్ ఇచ్చిన చుక్కను నమ్మి మన ఏఎన్ఎం అక్కను వాగు అవతలికి పంపించాం.

ఆ అక్కకు కొత్త జాబితా ఇచ్చాం. చిన్నదే, నడిచినంత వరకే ఉంది. మిగతా గుంపుల పేర్ల పక్కన గడులు ఖాళీగా ఉన్నాయి. ఖాళీ గడి చూసి ఆమె ఎవరినైనా అడిగి పోతుంది. తప్పు చుక్క ఉంటే అడగకుండా పోతుంది.

మీ మండలంలో ఈ పని మొదలైతే కబురు చెప్పండి. మా ఫారం మీకు పంపుతాం. మీరు చేసిన తప్పులు మాకు చెప్పండి, మేం చేసినవి పైన రాశాను.

జై ఆదివాసీ.